కీర్తన పైనున్న చిన్న వరుస

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటకు పైన చిన్న అక్షరాలతో ఒక వరుస కనబడుతుంది. రాగము ఫలానా, తాళము ఫలానా అని. శంకరాభరణము, ఆది. ఆనందభైరవి, చాపు. ఏళ్ల తరబడి ఆ పుస్తకం చేతపట్టుకొని పాడుతున్న మనలో ఆ వరుసను చదివేవారు ఎంతమంది?

ఈ ప్రశ్న మా మనసులో పడింది మనుబోలులో. ఒక ఆదివారం వాక్యం చెప్పడానికి అక్కడికి వెళ్లాము. వాక్యానికి ముందు పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ కళ్లు మూసుకొని పాడుతోంది. ఆమె చేతి తాళం ఏడుకు తిరుగుతోంది. కీబోర్డు వాయించే పిల్లవాడు మీట నొక్కి పెట్టిన రిథమ్ నాలుగుకు తిరుగుతోంది. ప్రతి పాదం చివర ఆమె ఒక అక్షరం ముందుకు పోతోంది, లేదా వెనుకబడుతోంది. మూడో చరణానికి ఆమె పాడడం ఆపేసింది. తప్పు ఆమెది కాదు. నిజానికి పిల్లవాడిదీ కాదు, ఆ వరుస చదవడం అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆరాధన అయ్యాక ఆ అవ్వ మనవరాలు మా దగ్గరకు వచ్చింది. ఇంటర్ పూర్తయిందట. "అయ్యగారూ, సంగీతం కాలేజీలో చేరాలని ఉంది. పాడడం వచ్చు గదా, మళ్లా కాలేజీకి పోయి ఏం నేర్చుకుంటావు అంటున్నారు ఇంట్లో. మీరొక మాట చెప్పండి" అని అడిగింది. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాము. మేము సెమినరీలో చదివే రోజుల్లో వారానికి ఒక గంట సంగీతం తరగతి ఉండేది. గ్రీకు క్రియలకు భయపడి ఆ గంటను వాటికే ఖర్చు చేసినవారిలో మేమూ ఉన్నాము. ఆ బాకీ కొంతైనా తీర్చుకోవాలని ఈ వారం రాస్తున్నాము.

మొదట తాళం. ఆది తాళమంటే ఎనిమిది లెక్క: నాలుగు, రెండు, రెండు. కీబోర్డులో వచ్చే నాలుగు దెబ్బల రిథమ్‌లలో అది హాయిగా ఇమిడిపోతుంది. చాపు అలా కాదు. మామూలుగా చాపు అనగానే మిశ్రచాపునే తీసుకుంటారు. అది ఏడు లెక్క, మూడూ నాలుగూ. "తకిట తకధిమి" అని నోటితో అంటూ చేత్తో కొట్టి చూడండి, మూడు నిమిషాల్లో పట్టుబడుతుంది. త్రిపుట కూడా మన పుస్తకంలో కనిపించే పద్ధతిలో ఏడే: మూడు, రెండు, రెండు. ఏడు లెక్క పాటను నాలుగు దెబ్బల రిథమ్ మీద పెడితే ఎక్కడో ఒక అక్షరాన్ని సాగదీయాలి. అలా సాగదీసి సాగదీసి కొన్ని కీర్తనల నడక మన కళ్లముందే మారిపోయింది.

తరువాత స్వరం. కీబోర్డు మీద ఒక స నుండి పై స వరకు పన్నెండు మెట్లు. స ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మన పిల్లలు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కినప్పుడు చేసేది అదే, స స్థానాన్ని జరపడం. తెల్ల మెట్లలో సి ని స అనుకొని వరుసగా ఏడూ వాయిస్తే వచ్చేది శంకరాభరణం. పాశ్చాత్యులు దానినే మేజర్ స్కేలు అంటారు. అందులో మ ఒక్కటి అర మెట్టు పెంచితే కల్యాణి. స రి గ ప ద ఐదే ఉంచుకుంటే మోహన. ఏడు స్వరాల ఇలాంటి వరుసలన్నిటినీ లెక్కకట్టి 17వ శతాబ్దంలో వేంకటమఖి 72 మేళకర్తల పట్టిక కట్టాడు. సంగీత కళాశాలలో శాస్త్రం తరగతి మొదట చూపేది ఈ పట్టికనే. చూడడానికి ఎక్కాల పుస్తకంలా భయపెడుతుంది గాని, అందులోని తర్కం ఒకసారి అర్థమైతే కంఠస్థం చేయవలసింది చాలా తక్కువ.

అయితే స్కేలు వేరు, రాగం వేరు. మన కీబోర్డు పిల్లలు తరచుగా తడబడేది ఇక్కడే. బిలహరి ఎక్కేటప్పుడు మోహనలా ఐదు స్వరాలతో ఎక్కుతుంది, దిగేటప్పుడు శంకరాభరణంలా ఏడు స్వరాలతో దిగుతుంది. స్కేలు పేరు ఒక్కటే చెబితే ఆ నడక ఎక్కడ తెలుస్తుంది? తోడి సంగతి ఇంకా సున్నితం. అందులో రి, గ, ద, ని నాలుగూ శంకరాభరణంలో కంటే అర మెట్టు కింద ఉంటాయి, పైగా గాంధారం నిలకడగా నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపునే గమకం అంటారు. తోడిలో ఉన్న పాట కింద అలవాటుకొద్దీ సి మేజర్ కార్డు నొక్కితే, పాడేవారి గాంధారం ఒకటి, కీబోర్డు గాంధారం ఒకటి అయి రెండూ కొట్టుకుంటాయి. అవ్వలు ముఖం చిట్లిస్తే పాతకాలపు చాదస్తమనుకుంటాము. వారి చెవికి వినబడుతున్నది ఆ కొట్లాటే.

కార్డులు వద్దని మా భావం కాదు. మేజర్ కార్డు అంటే స గ ప కలిపి పలికించడమే. శంకరాభరణంలో స, మ, ప ల మీద కట్టిన కార్డులు మేజరు, రి, గ, ద ల మీదివి మైనరు అవుతాయి. కళాశాలలో పాశ్చాత్య సంగీతం చదివేవారికి మొదటి సంవత్సరంలోనే ఇవన్నీ నేర్పుతారు, చెవితో విని గుర్తుపట్టడం కూడా నేర్పుతారు. ఏ కార్డు ఎందుకు ఇముడుతుందో తెలిసినవాడికి, ఎక్కడ కార్డు వేయకుండా శ్రుతి ఒక్కటే పట్టి ఊరుకోవాలో కూడా తెలుస్తుంది.

ఇక స్వరాన్ని కాగితం మీద రాయడం. మా మట్టుకు అన్నిటికంటే విలువైన విద్య ఇదే. 11వ శతాబ్దంలో ఇటలీలోని అరెజోలో గీదో అనే సన్యాసి ఉండేవాడు. గాయకులు గురువు పాడగా విని మాత్రమే నేర్చుకోవడం వల్ల ఏళ్లు గడిచిపోతున్నాయని చూసి, గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరిచాడు, ఒక కీర్తన పాదాల మొదటి అక్షరాలతో స్వరాలకు పేర్లు పెట్టాడు. ఈనాటి డో రే మి పుట్టింది అక్కడే. 19వ శతాబ్దంలో జాన్ కర్వెన్ అనే ఇంగ్లండు పాస్టరు, సారా గ్లోవర్ పద్ధతిని పెంపొందించి, సండేస్కూలు పిల్లలు కూడా చూసి పాడగలిగేలా చేశాడు. మన వైపు చూస్తే, తంజావూరులో అబ్రహాం పండితర్ అనే క్రైస్తవ వైద్యుడు శ్రుతులను గూర్చి పరిశోధించి 1917లో 'కరుణామృత సాగరం' అనే పెద్ద గ్రంథం వెలువరించాడు. సంఘానికి శాస్త్రం పరాయిది ఎప్పుడూ కాదు. దావీదు కాలంలో పాటలో నేర్పు పొందినవారు 288 మంది అని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం లెక్క చెబుతోంది. అక్కడ గురువులూ ఉన్నారు, శిష్యులూ ఉన్నారు.

అదే దావీదు పేర ఉన్న 22వ కీర్తన శీర్షిక చూడండి. దానిని అయ్యలెత్ షహరు అనే రాగం మీద పాడాలని ఉంది. ఆ రాగం ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మాటలు నిలిచాయి, బాణీ పోయింది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన కవులు రాసిన కీర్తనలకు పైన రాగం పేరు, తాళం పేరు ఉన్నాయి గాని, మన చేతుల్లో ఉండే మామూలు ప్రతిలో స్వరం రాసి లేదు. ఒక్క రాగంలో వంద బాణీలు కట్టవచ్చు. కాబట్టి రాగం పేరు చదివి బాణీని తిరిగి పుట్టించలేము. అది ఇప్పుడు ఉన్నది ఆ అవ్వ వంటివారి గొంతులోనే.

బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయంగా నేర్చుకోకుండానే 'శంకరాభరణం' పాడలేదా అని నెల్లూరు వారు మమ్మల్ని అడుగుతారు. నిజమే, ఆ మాట ఆయనే చెప్పుకొనేవారు. కాని ఆయనకు పాట నేర్పడానికి కె.వి. మహదేవన్, పుహళేంది గార్లు ఉన్నారు. మన సంఘంలో పాడే పిల్లలకు ఎవరున్నారు? ఊరికి ఒక్కరైనా స్వరం రాయగలవారు ఉంటే మిగిలినవారు చెవితోనే నేర్చుకోవచ్చు.

చేరదలచినవారికి దారులున్నాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దాని మొదటి ప్రధానాచార్యులు, ఘంటసాల గారు అక్కడి విద్యార్థి. విజయవాడలో ఘంటసాల గారి పేరనే ప్రభుత్వ కళాశాల ఉంది. మనుబోలు వారికి దగ్గరిది తిరుపతి, అక్కడ దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల ఉంది. ప్రభుత్వ కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు 4 సంవత్సరాలు, ఆపై డిప్లొమా 2 సంవత్సరాలు. పాఠ్య కృతులు ఎక్కువగా హిందూ దేవతలపైనే ఉంటాయి, ఇది కొందరు తల్లిదండ్రులకు ఇబ్బంది. పిల్లలతో కూర్చొని ముందే మాట్లాడుకోవడం మంచిది. సరళీ స్వరాలు, అలంకారాలు, 35 తాళాల లెక్క మాత్రం ఎవరికైనా ఒకటే. పాశ్చాత్య పద్ధతి కావాలంటే ట్రినిటీ వారి పరీక్షలు ఎనిమిది గ్రేడులుగా ఉన్నాయి, చెన్నై వెళ్లగలిగితే నేర్పేవారూ దొరుకుతారు.

ఆ అమ్మాయి ఇంటికి ఫోను చేసి ఈ సంగతులన్నీ చెప్పాము. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా ఆమె అవ్వ చేత రోజుకొక కీర్తన పాడించి ఫోనులో రికార్డు చేస్తోందట, ఒకదానికి స్వరం రాయడం కూడా మొదలుపెట్టింది. పల్లవి వచ్చింది. రెండో చరణంలో గాంధారం పైదా కిందిదా తేలక, అవ్వను మళ్లీ మళ్లీ పాడమంటోంది.