పసిబిడ్డ నోటిలోని రబ్బరు పీక

వినాయక చవితి సమీపించినప్పుడు మన ధూల్‌పేటలో తీరికగల చేతులు అరుదు. విగ్రహములు చేయువారు కొందఱు, రంగులు పూయువారు కొందఱు. ఇంటిల్లిపాదియు పనిలో నుందురు. సంక్రాంతికి ముందు గాలిపటముల పనియు నట్టిదే. అట్టివేళ ఉయ్యెలలోని బిడ్డ యేడ్చినచో తల్లి రబ్బరు పీక నొకదానిని నోట నుంచును. బిడ్డ చప్పరించుచు ఊరకుండును. దీనినే హిందీ మాటలాడువారు చుస్నీ యందురు. తేనె చేర్చి యిచ్చినచో తేనెపీక యగును. ఇది బిడ్డకు మేలా, కీడా? విద్యార్థులారా! పనివేళ తమ్ముని, చెల్లెలిని ఎత్తుకొనువారు మీరే గనుక ఈ సంగతి మీరును తెలిసికొనవలెను.

చప్పరించుట శిశువునకు సహజగుణము. తల్లిగర్భమునందే కొందఱు శిశువులు వ్రేలు చప్పరింతురు. కావున పీక నిచ్చిన తల్లిని నిందింప బనిలేదు. నిద్రవేళ పీకయున్న శిశువులలో ఆకస్మిక మరణములు తక్కువగా కనబడినందున, తల్లిపాలు కుదురుకొనిన పిమ్మట నిద్రకు మాత్రము దాని నీయవచ్చునని అమెరికాలోని శిశువైద్యుల సంఘము 2005లో సలహా యిచ్చినది. అయితే పాలు కుదురుకొనక మునుపే పీక యిచ్చినచో ఆకలి యేడ్పు మఱుగుపడును. బిడ్డ తగినన్ని సార్లు పాలు త్రాగదు. తల్లికి పాలును తగ్గును. అందుచేతనే ప్రపంచారోగ్య సంస్థయు, యూనిసెఫ్ సంస్థయు 2018లో సవరించిన పది సూత్రములలో, పాలసీసాల, పీకల వాడుకను గుఱించియు వాని కీడును గుఱించియు తల్లులకు తెలుపవలెనని యొక సూత్రము నుంచినవి.

ఇక పండ్ల మాట. శిశువునకు సుమారు ఆఱవ నెలలో మొదటి పాలపన్ను మొలచును. మూడవయేడు నిండునప్పటికి 20 పండ్లును వచ్చును. పీక గంటలకొలది నోటనున్నచో ముందుపండ్లు పూర్తిగా ఎదిగి యొకదాని నొకటి తాకజాలవు. నోరు మూసినను నడుమ సందు మిగులును. నాలుక అంగిలికి ఆనక క్రింద పడియుండును. బుగ్గలు ఇరువైపుల నుండి పైదవడను నొక్కును. అందుచే అంగిలి యిఱుకై, పై పలువరుస క్రింది వరుసతో సరిగా కలియదు. మూడేండ్లలోపల అలవాటు మానినచో ముందుపండ్ల సందు చాలమట్టుకు తనంతట తానే సరిపడును. ఇఱుకైన దవడ అంత సులభముగా సరిపడదు. కాబట్టి అలవాటుకంటె ఆలస్యమే యెక్కువ కీడు.

అన్నిటికంటె చెడ్డది తీపి. పంచదార, బెల్లము, తేనె అద్దిన పీక పండ్లను నిత్యము తీపిలో నానబెట్టును. నోటిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లముగా మార్చును, ఆమ్లము పంటి పైపూతను తినివేయును, పన్ను పిప్పియగును. పాలపండ్లు ఊడిపోవునవే కదా యనరాదు. దవడపండ్లు పది పండ్రెండేండ్ల వరకు నమలవలసినవి; స్థిరమైన పండ్లకు చోటు నిలుపునవి. తేనెలో మఱియొక అపాయము గలదు. దానిలో నొకప్పుడు బొట్యులిజమ్ వ్యాధిని కలిగించు బీజములుండును. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో అవి విషము పుట్టించి, కండరములను చచ్చుబఱచి, ఊపిరికే మోసము తెచ్చును. 2018లో అమెరికాలోని టెక్సాస్‌లో తేనెపీకలు చప్పరించిన నలుగురు శిశువులు ఈ వ్యాధితోనే ఆసుపత్రి పాలైరి. కావున ఏడాదిలోపు బిడ్డకు తేనె చుక్కయైనను తగదు.

ఆఱు నెలలు దాటిన పిదప పీక విడువని బిడ్డలకు చెవిపోటు తఱచుగా వచ్చుచుండును. శుభ్రత లేనిచో నోటిపూతయు కలుగవచ్చును. క్రిందపడిన పీకను తల్లి తన నోట చీకి బిడ్డ కిచ్చుట మంచిది కాదు. పండ్లను చెఱచు జీవులు ఆమె ఉమ్మితో బిడ్డకు చేరును. పీకను త్రాటితో మెడకు కట్టిన ఉరి పడవచ్చును. చిరిగిన ముక్క గొంతున అడ్డుపడవచ్చును.

మఱి చేయదగిన దేమి? బిడ్డ యేడ్చినప్పుడు ముందుగా ఆకలియా, తడియా, ఉక్కయా, నొప్పియా యని చూడవలెను. పీక తప్పనిచో కడిగి, కాచిన నీటిలో నుంచి, తీపి చేర్చక నిద్రవేళకు మాత్రమే యీయవలెను. ఏడాది దాటగానే పగటివేళ మాన్పించి, పిదప రాత్రియు మాన్పింపవలెను. కొట్టుట, వెక్కిరించుట వలదు. మొదటి పన్ను వచ్చిననాటి నుండి దానిని తోమవలెను. పలువరుస తేడాగా తోచినచో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్యశాల మన పేటకు దూరము గాదు.

బాలబాలికలారా! తల్లి చేతులు రంగులో మునిగియున్న వేళ తమ్ముని చంక నెత్తుకొని వీధి చివరవరకు నడువుడు. ఒక పాట పాడుడు. బిడ్డ కోరినది చాలసార్లు రబ్బరు కాదు, మనిషి తోడు. ఆ తోడు మీరీయగలిగినంతసేపు పీక గూటిలోనే యుండవచ్చును.