ఫోనుకీ పేజీకీ మధ్య గొట్టం

కాల్ సెంటర్‌లో కస్టమర్ ఫోను పెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. ఏజెంటు తెర మీద ఇంకో గడియారం అప్పుడే మొదలవుతుంది. హైటెక్ సిటీలో ఆ ఉద్యోగం చేసే ఎవరినడిగినా దాన్ని ‘ర్యాప్ అప్’ అంటారు, రిపోర్టుల్లో ఏసీడబ్ల్యూ అని ఉంటుంది. ఆ కాసేపట్లోనే డ్రాప్‌డౌన్‌లోంచి కాల్ ఎలా ముగిసిందో చెప్పే ‘డిస్పొజిషన్’ ఒకటి ఎంచుకోవాలి, రెండు ముక్కలు నోట్సు కొట్టాలి. ఆలస్యమైతే టీమ్ లీడరు వచ్చి వెనక నిలబడతాడు. అందుకే నోట్సులో ‘ఇష్యూ రిజాల్వ్‌డ్’, ‘కస్టమర్ ఇన్‌ఫార్మ్‌డ్’ తప్ప ఇంకేం కనిపించవు. అరగంట తల బద్దలుకొట్టుకుని కనిపెట్టిన పరిష్కారం ఆ రెండు మాటల కింద పడి ఉంటుంది. మర్నాడు అదే సమస్య పక్క సీటులోని ఏజెంటుకి వస్తే ఆమె మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

ఆ సమాచారాన్ని ఫోను సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి, టీమంతా చదువుకునే నోషన్ పేజీలోకో కాన్‌ఫ్లుయెన్స్ పేజీలోకో దానంతటదే చేర్చే ఏర్పాటు ఇప్పుడుంది. ఒక్క లైను కోడు రాయకుండా మధ్యాహ్నంలోగా బిగించుకోవచ్చు. కంటికి కనిపించే యంత్రం కాదు కాబట్టి దీనికో చరిత్ర ఉంటుందని ఎవరికీ తోచదు. నిజానికి దాని మూలం ఒక ఫోను కంపెనీ ఇంట్లోనే ఉంది.

అమెరికా టెలిఫోన్ సామ్రాజ్యం ఏటీ అండ్ టీకి చెందిన బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే గణిత శాస్త్రవేత్త పనిచేసేవాడు. 1964 అక్టోబరులో ఆయన టైపు కొట్టిన ఒక కాగితంలో, ప్రోగ్రాములను తోటకి నీళ్లు పెట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని రాశాడు. ఒక ప్రోగ్రాము వదిలింది ఇంకోదానిలోకి నేరుగా పోవాలి, కావలసినప్పుడు మధ్యలో మరో ముక్క తగిలించుకోవాలి. అంతే ఆలోచన. అది ఎనిమిదేళ్లకు పైగా కాగితం మీదే ఉంది. 1973లో అదే ల్యాబ్‌లోని కెన్ థాంప్సన్ ఒక్క రాత్రి కూర్చుని యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి దాన్ని ఎక్కించాడు. రెండు ఆదేశాల మధ్య ఒక నిలువు గీత గీస్తే చాలు, మొదటిదాని ఫలితం రెండోదానికి మేత అవుతుంది. దాన్నే ‘పైప్’ అన్నారు.

సరిగ్గా అదే 1973లో రాక్‌వెల్ సంస్థ కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ కోసం ‘గెలాక్సీ’ అనే పెట్టెను తయారుచేసింది. టికెట్ల కోసం వచ్చే ఫోన్లను వరసలో పెట్టి, ఖాళీగా ఉన్న ఏజెంటుకి తనే అందించే యంత్రం అది. ఏసీడీ అని ఇప్పటికీ కాల్ సెంటర్లు చెప్పుకునేదాని తొలి రూపాల్లో ఒకటి. (ఎంతమంది ఏజెంట్లుంటే ఎంతసేపు వెయిటింగ్ అన్న లెక్క అప్పటికే పాతది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త 1917లోనే సూత్రం కట్టాడు. మీ ఆఫీసులో షిఫ్టు రోస్టరు వేసే సాఫ్ట్‌వేర్ లోపల బహుశా ఆయనే కూర్చుని ఉంటాడు.)

పైపూ ఏసీడీ ఒకే ఏడు పుట్టాయి గానీ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పైపు ఒకే కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాములను కలుపుతుంది. ఏసీడీ మాత్రం తాళం వేసిన పెట్టె, తయారుచేసిన కంపెనీ ఇంజనీరు వస్తే తప్ప అందులోంచి ఏదీ బయటికి రాదు. అటువైపు అందరూ కలిసి రాసుకునే పేజీ అన్నదే అసలు లేదు. వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని ఇంటర్‌నెట్‌లో పెట్టింది 1995లో. ఆ పద్ధతిని ఆఫీసుల్లోకి తెచ్చిన కాన్‌ఫ్లుయెన్స్ 2004లో వచ్చింది.

పెట్టెల తాళాలు 2000 ప్రాంతంలో ఊడసాగాయి. సేల్స్‌ఫోర్స్, ఈబే లాంటి కంపెనీలు బయటి ప్రోగ్రాములు వచ్చి అడగడానికి ఏపీఐ అనే కిటికీలు తెరిచాయి. 2007 ఫిబ్రవరిలో యాహూ ‘పైప్స్’ తెచ్చింది. తెర మీద డబ్బాలు పెట్టి, మౌసుతో వాటి మధ్య గొట్టాలు లాగితే వెబ్‌సైట్ల సమాచారం కలగలిసి వచ్చేది. మెక్‌ఇల్‌రాయ్ కలను ప్రోగ్రామర్లు కానివాళ్ల చేతిలో పెట్టిన తొలి గట్టి ప్రయత్నమని నేననుకుంటాను. 2015లో యాహూ దాన్ని మూసేసింది.

అదే 2007లో జెఫ్ లిండ్‌సే అనే ప్రోగ్రామరు ప్రచారంలోకి తెచ్చిన ‘వెబ్‌హుక్’ మాత్రం నిలబడింది. నా లెక్కలో ఈ మొత్తం కథలో అసలైన ఆవిష్కరణ అదే. అంతకుముందు రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకోవాలంటే ఒకటి రెండోదాన్ని కొన్ని నిమిషాలకోసారి ‘కొత్తగా ఏమన్నా వచ్చిందా?’ అని అడుగుతూ ఉండాలి. దీన్ని పోలింగ్ అంటారు. జేపియర్ సంస్థ ఒకసారి తన దగ్గరి మూడు కోట్ల పోలింగ్ ప్రశ్నలను పరిశీలిస్తే, కొత్త సమాచారం దొరికినవి నూటికి ఒకటిన్నర మాత్రమే అని తేలింది. మిగతావన్నీ ‘ఏం లేదు’ అనిపించుకుని వెనక్కి వచ్చినవే. వెబ్‌హుక్ ఈ వరసను తిరగేసింది. అడగనక్కర్లేదు, నీ చిరునామా ఇచ్చిపో, ఏదైనా జరిగితే నేనే కబురు చేస్తాను అంటుంది. చిరునామా అంటే ఒక వెబ్ లింకు, కబురు అంటే ఆ లింకుకి పంపే చిన్న చీటీ.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కొలంబియా ఊళ్లో ముగ్గురు కుర్రాళ్లు 2011లో మొదలుపెట్టిన జేపియర్, ఆ తర్వాత ప్రాగ్‌లో పుట్టి ఇప్పుడు ‘మేక్’ అన్న పేరుతో ఉన్న ఇంటెగ్రోమాట్, బెర్లిన్ నుంచి వచ్చిన ఎన్‌ఎయిట్‌ఎన్, అన్నీ చేసేది ఆ చీటీలు అందుకుని, విప్పి, ఇంకోచోట అందజేసే పనే. కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఈలోగా పెట్టెలోంచి క్లౌడ్‌లోకి వెళ్లింది. ట్విలియో, ఎయిర్‌కాల్, మన హైదరాబాదులో పుట్టిన ఓజోన్‌టెల్ లాంటివి కాల్ ముగియగానే చీటీ పంపగలవు. 2021 మేలో నోషన్ తన ఏపీఐని అందరికీ తెరవడంతో అటు చివర కూడా మూతి దొరికింది.

చీటీలో ఏముంటుంది? కాల్ ఐడీ, మొదలైన టైమూ ముగిసిన టైమూ, ఏజెంటు పేరు, అవతలి నంబరు, డిస్పొజిషన్, రికార్డింగు లింకు. జేపియర్ లాంటి మధ్యవర్తి వీటిని విడివిడి గళ్లుగా చూపిస్తుంది. పేజీలో ఏ గడిలోకి ఏది పోవాలో మౌసుతో జతచేయాలి, ‘మ్యాపింగ్’ అంటారు. ఇక్కడిదాకా నిజంగానే పిల్లలాట.

ఆ తర్వాతే గొట్టం కారుతుంది. చీటీ అందుకున్నవాడు ‘200’ అనే సంకేతంతో ‘అందింది’ అని జవాబివ్వాలి. నెట్ మందగించి ఆ జవాబు ఆలస్యమైతే, పంపినవాడు పోయిందేమోనని మళ్లీ పంపుతాడు. ఒకే కాల్‌కి రెండు పేజీలు పుడతాయి. మందు తేలికే: పేజీ తెరిచేముందు ఆ కాల్ ఐడీతో ఇప్పటికే పేజీ ఉందేమో వెతికే మెట్టు ఒకటి మధ్యలో బిగించడం. నోషన్ సగటున సెకనుకి మూడు అభ్యర్థనలకు మించి తీసుకోదు, సోమవారం పొద్దున వంద కాల్స్ ఒక్కసారి ముగిస్తే చీటీలు వరస కట్టాల్సిందే. ఒక్కో టెక్స్ట్ ముక్కలో 2000 అక్షరాల పరిమితి కూడా ఉంది. ఇది తెలుగు సంభాషణను రాతలోకి మార్చి పంపేవాళ్లకి ముందు తగులుతుంది. మనం ఒకటే అక్షరంగా పలికే ‘స్త్రీ’ కంప్యూటర్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఇంగ్లిషులో పరీక్షించి బాగుందనుకున్న ఏర్పాటు తెలుగు కాల్ రాగానే ఎర్రర్ కొట్టేది ఇందుకే.

కస్టమర్ ఫోను నంబరు టీమంతా చూసే పేజీలోకి వెళ్లడం ఇంకో సంగతి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, సమస్య ఎలా తీరిందో తెలుసుకోవడానికి ఆ నంబరుతో ఎవరికీ పనిలేదు. మ్యాపింగులో ఆ గడిని వదిలేస్తే సరిపోతుంది. బిగించేటప్పుడు అన్ని గళ్లనీ జతచేసేయాలని చెయ్యి లాగుతుంది, అదే వచ్చిన చిక్కు.

అన్ని కాల్స్‌నీ పేజీలుగా మార్చడం కూడా అదే జబ్బు. నెల తిరిగేసరికి వేల పేజీలు పోగుపడతాయి, వెతికితే దొరకనివి. సపోర్టు రంగంలో 1992 నుంచీ కేసీఎస్ అనే పద్ధతి ఉంది. సమస్య తీరుస్తున్న మనిషే, తీరుస్తుండగానే, పాత పేజీ ఉంటే దాన్ని సరిదిద్దాలి, లేకపోతేనే కొత్తది రాయాలి అంటుంది. యంత్రానికి ఈ తేడా తెలియదు, ఏజెంటుకి తెలుసు. డిస్పొజిషన్ జాబితాలో ‘కొత్త సమస్య’ అని ఒక్క వరస చేర్చి, అది నొక్కినప్పుడే గొట్టం తెరుచుకునేలా ఫిల్టరు పెడితే, పది పేజీలే పుట్టినా చదివే పేజీలు పుడతాయి.

గొట్టాన్ని తిప్పి బిగించడం మాత్రం ఇంకా అరుదుగానే చూస్తాం. చాలా సాఫ్ట్‌వేర్లు కాల్ ముగిసినప్పుడే కాదు, రింగవుతున్నప్పుడు కూడా చీటీ పంపుతాయి. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే ఐవీఆర్ మెనూలో కస్టమర్ నొక్కిన అంకెను బట్టి సంబంధించిన పేజీని వెతికి, ఏజెంటు ‘హలో’ అనేలోపే తెర మీద పెట్టొచ్చు. సాంకేతికంగా ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఐవీఆర్ మెనూలోని మాటా, డిస్పొజిషన్ జాబితాలోని మాటా, పేజీకి తగిలించిన ట్యాగూ ఒకటే అయ్యుండాలి, అంతే. చాలా ఆఫీసుల్లో ఆ మూడు జాబితాలూ ముగ్గురు మేనేజర్ల దగ్గర ఉంటాయి.