రీమిక్స్ – పాఠభేదం: ‘టెన్’ ఆల్బమ్ పరిశీలన

1990వ దశకపు ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్‌ల పునర్విడుదలలలో రెండు ప్రక్రియలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. రీమాస్టరింగ్ పూర్తయిన శబ్దముద్రణకు మెరుగుపెడుతుంది. రీమిక్సింగ్ గాత్రం, గిటారు, డ్రమ్స్ ట్రాకుల పాళ్లను మార్చి కొత్తగా కూరుస్తుంది. సియాటిల్ నగరానికి చెందిన పెర్ల్ జామ్ బృందపు ‘టెన్’ (1991) ఇందుకు నిదర్శనం. టిమ్ పామర్ మిక్స్ చేసిన తొలి రూపంలో ప్రతిధ్వని దట్టంగా పరచుకొని ఉంటుంది. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ చేసిన రీమిక్స్‌లో అది తగ్గి, గాత్రం చేరువగా వినిపిస్తుంది. వాడినవి 1991 నాటి ముద్రణలే. వినికిడి మాత్రం వేరు. ఆ పునర్విడుదలలో రెండు రూపాలనూ కలిపి అందించారు. తాళపత్ర కావ్యాన్ని పరిష్కరించేవారు ఏ ప్రతిని అనుసరించారో చెప్పినట్లే, ఆల్బమ్‌ను చర్చించే పరిశోధకులూ ఏ రూపాన్ని విన్నారో పేర్కొనాలి. లేనిపక్షంలో 2009 నాటి అభిరుచిని 1991కి ఆపాదించే ప్రమాదం ఉంది.