చోటు కుదిరితే చాలునా?

మీ ఇంట్లో బల్లమీద ఉన్న కంప్యూటరు 2016లో కొన్నది అనుకుందాం. అందులోని ప్రాసెసరు ఇంటెల్ వారి ఆరో తరం ఐ3-6100. మదర్‌బోర్డు హెచ్110 రకం. ఇన్నేళ్ళూ అది బాగానే పనిచేసింది. కాని 2025 అక్టోబరు 14తో విండోసు 10కు మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోసు 11 వేద్దామంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో ఎనిమిదో తరం మొదలు ఆపైవాటినే అది ఒప్పుకుంటుంది.

అప్పుడు మీ నాన్నగారు ఒక లెక్క వేస్తారు. "కంప్యూటరంతా కొత్తది కొనటం దేనికి? ప్రాసెసరొక్కటి మారిస్తే పోలేదూ? మన బోర్డుది 1151 సాకెట్టు. ఎనిమిదో తరం ఐ3-8100 కూడా 1151 సాకెట్టుదే. పాత సామాను అమ్మేచోట చవగ్గా దొరుకుతుంది!"

లెక్క ముచ్చటగానే ఉన్నది. కాని ఆ ప్రాసెసరు తెచ్చి బిగిస్తే కంప్యూటరు లేవదు! ఎందుకు లేవదు?

ప్రాసెసరు అంటే నాలుగు సెంటీమీటర్లయినా లేని చదరపు బిళ్ళ. లెక్కలన్నీ చేసేది అదే. అది కూర్చునే పీటను సాకెట్టు అంటారు. ఈ ఇంటెల్ సాకెట్టులోకి తొంగిచూస్తే వెంట్రుకలంత సన్నని లోహపు ముళ్ళు వరసలు వరసలుగా కనిపిస్తాయి. అవి 1151 ఉంటాయి గనక దానికా పేరు. ప్రాసెసరు అడుగున సరిగ్గా అన్నే బొట్లు ఉంటాయి. ఒక్కొక్క ముల్లుకూ ఒక్కొక్క పని. కొన్ని విద్యుత్తును అందిస్తాయి, కొన్ని జ్ఞాపకశక్తి పలకలతో, అంటే ర్యామ్‌తో, మాట్లాడతాయి. కొన్నింటిని ఏ పనీ చెప్పకుండా ఖాళీగా అట్టేపెడతారు.

2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడు ఇంటెల్ వారు అందులో ఆరు కోర్లున్న ప్రాసెసర్లు కూడా చేశారు. పనివాళ్ళు పెరిగితే తిండీ పెరగాలి గదా! అందుకని అంతవరకు ఖాళీగా ఉన్న ముళ్ళలో కొన్నింటిని విద్యుత్తుకు కేటాయించారు. ముళ్ళ సంఖ్య మారలేదు, బిళ్ళ ఆకారమూ మారలేదు. పనుల పంపకం మాత్రం మారింది. పైగా, బోర్డుమీద బయాస్ అనే చిన్న ప్రోగ్రామొకటి ఉంటుంది. మీట నొక్కగానే ముందుగా మేలుకొని, సాకెట్టులో ఎవరు కూర్చున్నారో గుర్తుపట్టవలసింది అదే. పాత బోర్డు బయాస్‌కు ఈ కొత్త తరం ఎవరో తెలియదు. తాళంచెవి తాళంలో దూరుతుంది, తిరగదు, అంతే సంగతి. పట్టుబట్టి ముళ్ళనూ బయాస్‌నూ మార్చి పనిచేయించిన ఘనులు లేకపోలేదు గాని, ఆ విద్య ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరుమీద చేయదగ్గది కాదు.

బోర్డుమీద చిప్‌సెట్ అనే మరో బిళ్ళ ఉంటుంది. హెచ్110, బి250 వంటి పేర్లు దానివే. 100, 200 వరసల బోర్డులు ఆరు, ఏడు తరాలకు. 300 వరస బోర్డులు ఎనిమిది, తొమ్మిది తరాలకు. అన్నిటి సాకెట్టు పేరూ 1151 అయినా సరే. మీ హెచ్110 బోర్డు ఎక్కగలిగిన చివరి మెట్టు ఏడో తరం. అదైనా బయాస్‌ను కొత్తదిగా మార్చుకున్న తరవాతనే. పని చురుకవుతుంది, విండోసు 11 మాత్రం దాన్నీ ఒప్పుకోదు. నన్నడిగితే ఇటువంటి ఇంటికి రెండే దారులు: ఉన్న యంత్రంలో లైనక్సు వేసుకుని వాడుకోవటం, లేదా బోర్డునూ ప్రాసెసరునూ కలిపి మార్చటం.

అందరూ ఇంటెల్ దారిన పోలేదు. ఏఎమ్‌డీ వారి రైజెన్ ప్రాసెసర్లు 2017లో ఏఎమ్4 అనే సాకెట్టుతో వచ్చాయి. 2020లో వచ్చిన రైజెన్ 5000 వరసకు కూడా అదే సాకెట్టు. 2018నాటి బి450 బోర్డులెన్నో బయాస్ మార్చుకుంటే వాటిని చక్కగా నడుపుతాయి. ఇక్కడొక చిక్కున్నది. కొత్త ప్రాసెసరు లేవాలంటే కొత్త బయాస్ కావాలి. బయాస్ మార్చాలంటే ముందు కంప్యూటరు లేవాలి! పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు. 2018లో ఇట్లాగే చిక్కుకున్న వాళ్ళకు ఏఎమ్‌డీ కంపెనీ ఒక చిన్న ప్రాసెసరును అరువిచ్చింది కూడా. కొన్ని బోర్డులకు ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవునుంచి బయాస్ ఎక్కించుకునే మీట ఉంటుంది. అది లేకపోతే పాత ప్రాసెసరు తీయకముందే ఆ పని ముగించాలి.

రెండూ కలిపి మార్చేవారు ర్యామ్ సంగతీ చూసుకోవాలి. పాత పలకలు డీడీఆర్4 రకమైతే, ఏఎమ్4 బోర్డులో అవే పనికివస్తాయి. ఇంటెల్ పన్నెండు మొదలు పధ్నాలుగో తరం దాకా వాడే 1700 సాకెట్టు బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. పెట్టెమీద చదివి కొనాలి. ఏఎమ్‌డీ ఏఎమ్5, ఇంటెల్ 1851 సాకెట్టులకు డీడీఆర్5 తప్ప మరొకటి కుదరదు. డీడీఆర్4కూ డీడీఆర్5కూ కాళ్ళు సమానమే, ఒక్కొక్కదానికి 288. కాని మధ్యనున్న గాటు చోటు వేరు గనక ఒకదానిలో ఒకటి దిగదు. నొక్కి దింపితే రెండూ విరుగుతాయి.

మరొక అక్షరం చూడండి. ఐ5-12400 వేరు, ఐ5-12400ఎఫ్ వేరు. ఎఫ్ ఉన్నదానిలో తెరమీద బొమ్మ చూపే భాగం పనిచేయదు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ఇంట్లో అది చవక కాదు. అన్నీ సరిగ్గా బిగించినా తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ 5 5600కూ బొమ్మ లేదు, 5600జీకి ఉన్నది.

కొట్టుకు పోయేముందు మీరు చేయగల పని ఒకటున్నది. విండోసు మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, వచ్చిన గడిలో ఎమ్‌ఎస్‌ఇన్‌ఫో32 అని ఇంగ్లీషులో కొట్టండి. బేస్‌బోర్డ్ ప్రాడక్ట్ అన్నచోట మీ బోర్డు పేరు పూర్తిగా ఉంటుంది. దాన్ని కాగితంమీద రాసుకుని, బోర్డు చేసిన కంపెనీవారి వెబ్‌సైటులో ఆ బోర్డు పేజీ తెరవండి. ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో, ఒక్కొక్కదానికి ఏ బయాస్ కావాలో అక్కడ పట్టిక ఉంటుంది. మీరు కొనదలచిన పేరు, చివరి అక్షరంతో సహా, అందులో కనిపించకపోతే ఎవరెంత చవగ్గా ఇస్తామన్నా వద్దనండి. కొత్త బోర్డు కొనేటప్పుడూ చూడవలసింది ఈ పట్టికనే.

బిగించేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, ప్లగ్గు ఊడదీసి ఉండాలి. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రిభుజం సాకెట్టు మూలనున్న గుర్తుమీదికి రావాలి. బిళ్ళను పైనుంచి మెల్లగా వదలండి, నొక్కవద్దు. ముళ్ళను వేలితో తాకనేకూడదు. ఒక్కటి వంగినా బోర్డు పాడు కావచ్చు. ఏఎమ్4 రకంలో ముళ్ళు ప్రాసెసరుకే ఉంటాయి గనక అక్కడ బిళ్ళను అంచులు పట్టుకుని ఎత్తాలి. కొత్త బోర్డు సాకెట్టుమీద వచ్చిన ప్లాస్టిక్కు మూతను పారేయకండి. బోర్డును తిరిగి కంపెనీకి పంపవలసివస్తే అది మళ్ళీ కావలసివస్తుంది.