పాత ఇంజను.. కొత్త పట్టాలు

శనివారం సైటులో సగం పూట పని ముగించుకొని వస్తుంటే, మెల్‌బోర్న్ పశ్చిమ శివారులో ఒక ఇంటి ముందు గరాజ్ సేల్ బోర్డు కనిపించింది. అట్టపెట్టె నిండా పాత బొమ్మ రైళ్లు. నలభై డాలర్లన్నారు. పుట్టినరోజుకు కొన్న కొత్త సెట్టు ఇంట్లో ఉంది, అబ్బాయి దాంతో కలిపి ఆడుకుంటాడులే అనుకున్నాం. టేపు పెట్టి కొలిస్తే పాతవీ కొత్తవీ పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. ఇంకేం కావాలి అనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

వెడల్పు ఒక్కటే చాలదు

పెట్టెలో బ్రిటన్ ట్రయాంగ్, హార్న్‌బీ బళ్లు, ఇటలీ లిమా పెట్టెలు కలిసిపోయి ఉన్నాయి. బ్రిటన్ బొమ్మలు అసలు బండిలో 76వ వంతు, ఇక్కడ ఎక్కువగా దొరికేవి 87వ వంతు. పక్కపక్కన పెడితే ఎచ్చుతగ్గులు తెలుస్తాయి గానీ రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి.

ఈ దేశంలో అసలు రైళ్లకే ఆ భాగ్యం లేకపోయింది. న్యూ సౌత్ వేల్స్ పట్టాలు 1435 మిల్లీమీటర్లు, విక్టోరియావి 1600, క్వీన్స్‌లాండ్‌వి 1067. 1883లో ఆల్బరీ దగ్గర రెండు రాష్ట్రాల లైన్లు కలిసినా, జనం సామాన్లు మోసుకొని బండి మారాల్సిందే. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు ఒకే గేజ్ లైను 1962లో గానీ రాలేదు. మీటర్ గేజ్ రోజులు చూసిన మనవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

తాత చెప్పిన కిటుకు

అప్పుడే మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యారు. అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే. తాత ఇంగ్లిషు రైల్వే మాటల వరకే. రెండు నెలలుగా ఇద్దరి మధ్యా ముభావమే.

పాత పెట్టెలకు కొక్కేలు, కొత్తవాటికి పిడికిలిలా పట్టుకునే కప్లింగులు. ఎంత నెట్టినా కలవలేదు. నాన్నగారు చూసి నవ్వారు. "ఇంజనుకు సీబీసీ, పెట్టెకు స్క్రూ కప్లింగ్ ఉంటే మేం ట్రాన్సిషన్ కప్లింగ్ వాడేటోళ్లం బిడ్డా. గట్లనే చెయ్యి" అన్నారు. ఒక పెట్టెకు ఒక కొసన కొక్కెం ఉంచి, రెండో కొసన కొత్త కప్లింగ్ బిగించాం. ఆ ఒక్క పెట్టె మధ్యలో ఉంటే చాలు, అటువీ ఇటువీ కలిసి నడుస్తాయి.

తర్వాత చక్రాలు. పాత చక్రాల అంచు లోతెక్కువ. సన్న పట్టాల మీద కింది బిగింపులకు తగిలి టకటకమంటుంది. చక్రాలు మార్చాక గానీ పెట్టెలు దిగకుండా నడవలేదు.

కరెంటు దగ్గర జాగ్రత్త

అసలు దెబ్బ ఇక్కడే తిన్నాం. పాత ఇంజను 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. వోల్టేజి పెంచితే వేగం, వైర్లు తిప్పితే వెనక్కి. మా కొత్త సెట్టు డిజిటల్. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఇంజను లోపలి డీకోడర్ ఆజ్ఞ అందుకుంటుంది. పాత ఇంజను పెట్టగానే జుమ్మని మోగి వేడెక్కింది. వెంటనే తీసేశాం. డీకోడర్ కొని మేమే బిగిస్తే నిమిషంలో పొగ. ఒక రోజు ఓవర్‌టైం డబ్బు బూడిదైంది.

నాన్నగారు విప్పి చూపించారు. మోటారు బ్రష్షు ఒకటి నేరుగా ఇంజను బాడీకే తగులుతోంది. దాన్ని వేరు చేయకుండా డీకోడర్ పెట్టకూడదు. చివరికి పాత ఇంజనుకు విడిగా ఒక డీసీ లైను వేశాం. రెండు కంట్రోలర్లనూ ఒకే లైనుకు ఎప్పుడూ కలపకండి. మధ్యలో మూడో పట్టా ఉండే పాత హార్న్‌బీ డబ్లో బళ్లను రెండు పట్టాల మీద పెడితే షార్టే.

ఇంకో మాట. పాత ట్రాన్స్‌ఫార్మర్ వైరు పగిలి ఉంటే వాడొద్దు, విప్పొద్దు. సైటులో ట్యాగు లేని వైరు ప్లగ్గులో పెట్టనివ్వం కదా, పిల్లల గదిలో ఎలా పెడతాం? కొత్తది కొనుక్కోండి.

నాన్నగారు వెళ్లే ముందు రోజు రాత్రి పదింటి దాకా తాతా మనవలు నేల మీదే ఉన్నారు. కప్లింగ్, బ్రష్, వీల్.. ఇద్దరికీ తెలిసిన మాటలే. ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే అబ్బాయి మా చేతిలోంచి లాక్కొని, "తాతా, ఇంజను మళ్లీ ఆగింది" అంటాడు. తెలుగులోనే.