డెంటల్ సీటు వస్తే చేరాలా? గుడుపల్లె నుంచి ఒక ఫోను, ఐదు ప్రశ్నలు

వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి రెండు రోజులే గడువుంది. గుడుపల్లె మండలంలోని ఒక అరుంధతివాడ నుంచి, బైపీసీ పూర్తిచేసి నీట్ రాసిన అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, ఎంబీబీఎస్ వచ్చే మార్కులు కాదు నావి. డెంటల్ అయితే వస్తుందంటున్నారు. చేరమంటావా, ఇంకో ఏడాది కోచింగుకు పొమ్మంటావా?"

వాళ్ల నాయన తెల్లారుజామున రైలెక్కి బెంగళూరుకు బేల్దారి పనికి పోయి రాత్రికి తిరిగొస్తాడు. అమ్మ పట్టుపురుగుల షెడ్డులో కూలి చేస్తుంది. ఆ వాడలో డాక్టరు చదువు దాకా వచ్చిన పిల్ల ఈమే మొదలు. అటువంటి ఇంటికి "వద్దు" అని చెప్పడం తేలిక కాదు. ఐదేళ్లు చదివాక చేతికేమొస్తుందో చెప్పకుండా "చేరు" అనడం అంతకంటే తప్పు.

దళిత విద్యార్థుల ఉన్నత విద్య మీద పరిశోధన చేస్తున్నందువల్ల కౌన్సెలింగ్ రోజుల్లో నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ అమ్మాయికి చెప్పిన విషయాలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. బీడీఎస్ మంచిదా చెడ్డదా అన్న చర్చతో మనకు పనిలేదు. మీకొచ్చిన సీటు, ఆ కాలేజీలో, మీ ఇంటి పరిస్థితిలో చేరదగిందా కాదా అన్నదే తేల్చుకోవాలి.

సీట్లెందుకు మిగులుతున్నాయి?

దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. ఏటా దాదాపు 27 వేల బీడీఎస్ సీట్లుంటాయి. కాలేజీల్లో అత్యధిక భాగం ప్రైవేటువే. ప్రతి ఏటా కొన్ని వేల సీట్లు నిండవు. 2020-21లో సుమారు 7 వేల సీట్లు ఖాళీగా ఉండిపోతే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు అర్హత పర్సంటైల్‌ను 10 తగ్గించింది. అంటే జనరల్‌కు 40, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 30.

రిజర్వేషన్ వల్ల ప్రతిభ పడిపోతోందని గొంతు చించుకునేవాళ్లెవరూ ఆ రోజు నోరెత్తలేదు. ప్రైవేటు సీట్లు నింపడానికి పర్సంటైల్ దిగినప్పుడు అది సర్దుబాటు అయింది. మన పిల్లలకు దిగినప్పుడు మాత్రం అది నాణ్యత సమస్య అవుతుంది. ఈ రెండు నాల్కల మాట గుర్తుంచుకోండి, కాలేజీ లోపల కూడా వినబడుతుంది.

అలాగని దంతవైద్యుల అవసరం తీరిపోయిందని కాదు. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదట వైద్యశాస్త్రపరంగా నమోదైంది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో. నేటికీ రాయలసీమలో బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలు కనబడుతూనే ఉన్నారు. పల్లెల్లో అవసరముంది. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా దంతవైద్యుడి పోస్టే ఉండదు. సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి స్థాయికి వెళ్తే ఒకటో రెండో. అవసరమున్న చోట జీతం లేదు, జీతమున్న చోట పోటీ విపరీతం. సీట్లు మిగలడానికి అసలు కారణం ఇదే.

మొదటి ప్రశ్న: ఈ సీటు ఏ దారిలో వస్తోంది?

ఒకే తరగతి గదిలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి ఫీజులు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. మన రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలో సగం సీట్లు కన్వీనర్ కోటా. మిగతా సగం మేనేజ్‌మెంటు, ఎన్నారై కోటాలు. 100 సీట్ల కాలేజీ అనుకుంటే కన్వీనర్ కోటా 50. అందులో ఎస్సీల 15 శాతం అంటే ఏడో ఎనిమిదో సీట్లు. 2025 ఉపవర్గీకరణ ప్రకారం ఈ 15 శాతం మూడు గ్రూపులకు పంచారు: రెల్లి, ఉపకులాలకు 1, మాదిగ, ఉపకులాలకు 6.5, మాల, ఉపకులాలకు 7.5. మీ కులం ఏ గ్రూపులో ఉందో చూసుకుని, గత ఏడాది ఆ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో పక్కన పెట్టుకుంటేనే మీ అవకాశం తెలుస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంటు కోటాలో చేరిన ఎస్సీ విద్యార్థికి అది రాదు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని ఏ ఏజెంటైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. చివరి విడతల్లో మిగిలిన సీటు ఇస్తామంటే అది యూనివర్సిటీ కేటాయించేదా, కాలేజీ సొంతంగా నింపుకునేదా అన్నది కాగితం మీద చూడాలి.

కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఎస్సీ విద్యార్థి దగ్గర ముందుగా ట్యూషన్ ఫీజు కట్టించుకోకుండా ఫ్రీషిప్ కార్డు మీద చేర్చుకోవాలని ఆ పథకం నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తుంది, కాలేజీ హాల్‌టికెట్ దగ్గరో సర్టిఫికెట్ల దగ్గరో పట్టుకుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి.

రెండో ప్రశ్న: సరిహద్దు దాటాలా?

గుడుపల్లె విద్యార్థికి ఇది ఊహాగానం కాదు. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. రైలెక్కితే తిరుపతి కంటే బెంగళూరే దగ్గర. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో డెంటల్ కాలేజీ ఉంది. బెంగళూరులో లెక్కకు మించి ఉన్నాయి. ఇంటి నుంచి పోయి రావచ్చు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది కదా అని తల్లిదండ్రులు ఆశపడతారు.

కానీ సరిహద్దు దాటగానే మన కుల ధ్రువపత్రం ఆ రాష్ట్ర కోటాలో చెల్లదు. దీన్ని తేల్చిన కేసు మన తెలుగువాడిదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు, ఆంధ్రప్రదేశ్‌లో తనకున్న ఎస్టీ హోదాతో అక్కడి మెడికల్ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రంలో రిజర్వేషన్ ఇవ్వదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటివేత మాత్రం ఏ సరిహద్దు దగ్గరా ఆగదు, హక్కొక్కటే చెక్‌పోస్టు దగ్గర దిగిపోతుంది. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ప్రధానంగా రాష్ట్రంలోని కాలేజీల కోసం రూపొందినదే. పొరుగు రాష్ట్రంలో చేరాలనుకుంటే సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

రిజర్వేషన్‌తోనే సరిహద్దు దాటే దారి ఒకటుంది, చాలామంది దాన్ని వాడుకోరు. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా. వాటిలో ఎస్సీలకు 15 శాతం, 2007 నుంచి అమల్లో ఉంది. ఆ కౌన్సెలింగును ఢిల్లీలోని ఎంసీసీ నడుపుతుంది, రాష్ట్ర కౌన్సెలింగుకు సంబంధం లేకుండా వేరేగా రిజిస్టర్ చేసుకోవాలి. బెంగళూరు, చెన్నై ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు గుడుపల్లె నుంచి వెళ్లే సరైన తోవ అదే.

మన రాష్ట్రంలోనైతే విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. కడప మన శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోనే ఉంది కాబట్టి అక్కడ మనం స్థానికులం. ఆప్షన్లలో ప్రభుత్వ కాలేజీలను ముందు పెట్టండి. "ప్రైవేటులో బిల్డింగు బాగుంది" అన్న మాట పట్టించుకోవద్దు.

మూడో ప్రశ్న: ఆ కాలేజీకి రోగులు వస్తున్నారా?

డెంటల్ చదువు చేతిపని. మొదటి ఏడాది మైనం దిమ్మెల్లో పన్ను ఆకారం చెక్కడంతో మొదలవుతుంది. మూడు, నాలుగు సంవత్సరాల్లో రోగుల నోట్లోనే పని. పళ్లు తీయడం, సిమెంటు నింపడం, కట్టుడు పళ్ల సెట్టు చేయడం, ఒక్కో విభాగంలో ఇన్ని కేసులు పూర్తిచేయాలని లెక్క ఉంటుంది. దాన్ని విద్యార్థులు కోటా అంటారు. ఆ కోటా పూర్తికాకపోతే ప్రాక్టికల్‌కు కూర్చోవడమే కష్టమవుతుంది.

రోగులు రాని కాలేజీలో ఈ కోటా పూర్తిచేసే భారం విద్యార్థి మీద పడుతుంది. బంధువుల్ని తెచ్చుకోవాలి, వాళ్లకు బస్సు చార్జీ, భోజనం పెట్టాలి, కొన్నిసార్లు చికిత్స ఖర్చూ భరించాలి. కారున్న పిల్లవాడికి అది ఇబ్బంది. కూలికి పోతే తప్ప పూట గడవని మేనమామను పని మాన్పించి తెచ్చుకోవాల్సిన పిల్లకు అది వేరే ఫీజు. ఏ బ్రోచర్‌లోనూ దాని లెక్క ఉండదు.

కాబట్టి చేరేముందు ఒక మామూలు పనిదినాన, ఉదయం పది గంటలకు, చెప్పకుండా వెళ్లి ఓపీ దగ్గర కూర్చోండి. ఎంతమంది చీటీ రాయించుకుంటున్నారో లెక్కపెట్టండి. ఎన్ని కుర్చీలు పనిచేస్తున్నాయో చూడండి. తర్వాత మూడో ఏడాది విద్యార్థిని, కుదిరితే మన విద్యార్థినే, పక్కకు పిలిచి ఈ మూడు అడగండి: పోయిన ఏడాది కోటా ఎట్లా పూర్తిచేశావు? పరికరాలకు మొత్తం ఎంతైంది? సీనియర్ల దగ్గర పాతవి కొనుక్కోనిస్తారా, కాలేజీ చెప్పిన దుకాణంలోనే కొనాలా?

కాలేజీకి అనుమతి మాత్రమే ఉందా, పూర్తి గుర్తింపు ఉందా అన్నదీ చూడాలి. ఈ రెండూ ఒకటి కావు. మధ్యలో మానేస్తే కట్టాల్సిన బాండు మొత్తం ఎంతో సంతకం పెట్టకముందే చదవండి.

నాలుగో ప్రశ్న: లోపల కులం ఎట్లా ఉంది?

బీడీఎస్‌లో రాతపరీక్షలో వేరుగా, ప్రాక్టికల్లో వేరుగా 50 శాతం రావాలి. ప్రాక్టికల్, వైవా, ఇంటర్నల్ మార్కులన్నీ మనిషి మనిషిని చూసి వేసేవే. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ గురించి రాసింది ఇదే: మూల్యాంకనంలో, హాస్టల్లో, అధ్యాపకుల తీరులో వివక్ష. 2019లో ముంబైలో పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్నాం. రోహిత్‌ను మరిచిపోయినవాళ్లం కాదు.

ఈ భయంతో సీటు వదులుకోమని నేను చెప్పను. ఒంటరిగా వెళ్లొద్దంటాను. ఆ కాలేజీలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఏ సంవత్సరంలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, సమాన అవకాశాల సెల్ పేరుకుందా పనిచేస్తోందా అని కనుక్కోండి. మొదటి అవమానం జరిగిన రోజే తేదీ, సమయం, మాట రాసిపెట్టుకోండి. ఊర్లో విద్యార్థి సంఘం వాళ్ల నంబరు సెల్లులో ఉండాలి.

ఐదో ప్రశ్న: ఐదేళ్ల తర్వాత ఏమిటి?

నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ముందున్నవి మూడు నాలుగు దారులే.

ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ప్రైవేటు క్లినిక్‌లో కొత్త బీడీఎస్‌కు ఇచ్చే జీతం చాలాచోట్ల నర్సింగ్ చదివినవాళ్ల జీతంతో సమానం, కొన్నిసార్లు తక్కువే. సొంత క్లినిక్‌కు కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, అద్దె అడ్వాన్సు కావాలి. భూమి, షాపు, బంధువుల పెట్టుబడి ఉన్న కులాల పిల్లలకు ఆ డిగ్రీ తొలి రోజు నుంచే వ్యాపారం. మనకు అది అప్పుతో మొదలవుతుంది. పైగా చిన్న పట్నంలో షాపు అద్దెకిచ్చేవాళ్లు ఇప్పటికీ ముందు అడిగేది "మీరేమోళ్లు?" అనే.

ఎండీఎస్ చేస్తే పరిస్థితి మారుతుంది. కానీ ఆ సీట్లు బీడీఎస్ సీట్లలో దాదాపు నాలుగో వంతే. రాష్ట్రంలో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసిన సంగతి మన విద్యార్థి ఉద్యమానికి తెలిసిందే. ఎండీఎస్ లెక్కలో పెట్టుకునేవాళ్లు ఆ విషయంలో తాజా ఉత్తర్వు చూసుకోవాలి. 2023లో పార్లమెంటు చేసిన జాతీయ దంత కమిషన్ చట్టం ప్రకారం చివర్లో నెక్స్ట్ పరీక్ష ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కూ పీజీ సీటుకూ అదే ఆధారం అవుతుంది. బీడీఎస్ చేసి ప్రజారోగ్యం వైపు, పరిశోధన వైపు వెళ్లే దారీ ఉంది. మనవాళ్లు ఆలోచించాల్సిన దారి అది.

తూకం

ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే చేరండి. ప్రైవేటులో కన్వీనర్ కోటా సీటు వచ్చి, ఓపీలో రోగులుండి, సీనియర్లు ధైర్యం చెబితే చేరొచ్చు, మొదటి రోజు నుంచే ఎండీఎస్ లేదా ప్రభుత్వ పోస్టు మనసులో పెట్టుకుని. రోగుల్లేని కాలేజీ అయితే నర్సింగ్, ఫిజియోథెరపీ, వ్యవసాయ డిగ్రీలతో పోల్చి చూడండి. మేనేజ్‌మెంటు కోటాకు పొలమో, అమ్మ మెడలో ఉన్నదో తాకట్టు పెట్టాల్సి వస్తే వద్దు, నిస్సందేహంగా వద్దు. ఇంకో ఏడాది కోచింగు అన్నది ఎంబీబీఎస్‌కు కొద్ది మార్కుల్లో ఆగిపోయినవాళ్లకే, ఆ ఏడాది ఖర్చు, తిండి ఎవరు చూస్తారో తెలిసినవాళ్లకే.

ఆ అమ్మాయి మరుసటి రోజు వాళ్ల నాయనను పనికి పోనీయకుండా వెంటబెట్టుకుని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లింది. రెండు గంటలు ఓపీ దగ్గర కూర్చుంది. సాయంత్రం ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది: "అన్నా, పదకొండు మందే వచ్చినారు. కుర్చీలు మాత్రం చానా ఉండాయి."

రాత్రి కూర్చుని ఆప్షన్ల జాబితా మళ్లీ రాసింది. పదిహేను కాలేజీల్లో నాలుగే మిగిలాయి. మొదటిది కడప.