నల్లిని వేటాడే నల్లి

1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద అర మిల్లీమీటరు ఉన్న నారింజరంగు నల్లి ఒకటి కనిపించింది. డాస్సే అనే శాస్త్రవేత్త దాన్ని పెంచి చూశాడు. అది ఆకు జోలికి పోలేదు. ఆకురసం పీల్చే ఎర్రనల్లిని పట్టి, దాని ఒంట్లోని రసాన్ని తాగేసింది. గుడ్లనూ వదల్లేదు. దాని పేరు ఫైటోసీయులస్ పెర్సిమిలిస్. ప్లాస్టిక్ కప్పు కింది పాలీహౌస్ పంటలకు దొరికిన గొప్ప ఆయుధాల్లో ఒకటి అలా పూలమొక్కలతో పాటు, ఎవరూ పిలవకుండానే వచ్చింది.

ఎర్రనల్లి గురించి తెలంగాణలోని నారాయణఖేడ్‌లో బెండ, వంగ పండించేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకు అడుగున చేరి సూదిలాంటి నోటితో గుచ్చి పత్రహరితాన్ని లాగేస్తుంది. ముందు తెల్లటి చుక్కలు, తర్వాత పసుపు, చివరికి ఆకుల మధ్య సన్నటి గూడు. బయట వాన పడితే కొంతైనా కొట్టుకుపోతుంది. పాలీహౌస్‌లో వాన లేదు, వెచ్చదనానికి లోటు లేదు. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దదవడానికి దానికి పదిరోజులు కూడా పట్టదు. ఒక్కో ఆడనల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. జతకట్టకపోయినా పెడుతుంది. అప్పుడు పుట్టేవన్నీ మగవే.

మగవాటిలో ప్రతి జన్యువుకూ ఒక్క ప్రతే ఉంటుంది. అందువల్ల మందును తట్టుకునే గుణం ఎక్కడైనా పుడితే, అది మరుగున ఉండిపోదు. మందు కొట్టగానే అది ఉన్నవి బతుకుతాయి, లేనివి పోతాయి, మిగిలినవే పిల్లల్ని కంటాయి. ఈ నల్లి ఇప్పటికి 90కి పైగా రసాయనాలను తట్టుకోవడం నేర్చింది. పైగా సింథటిక్ పైరెత్రాయిడ్ల వంటివి కొడితే, నల్లిని తినే జీవులు ముందు చచ్చి, ఎర్రనల్లి మునుపటికంటే ఎక్కువవుతుంది. మందు పనిచేయలేదని రైతు ఇంకో మందు కొంటాడు. నాకు బాధ కలిగించేది ఈ వలయమే.

బయటపడే దారి చూపినవాళ్లలో నెదర్లాండ్స్ రైతు యాన్ కొప్పర్ట్ ఒకడు. కీరదోస పండించేవాడు, పురుగుమందులు ఒంటికి పడేవి కావు. 1967లో పెర్సిమిలిస్ అనే ఈ వేటనల్లిని తన గ్లాస్‌హౌస్‌లో వదిలాడు. పంట నిలబడింది. చుట్టుపక్కల వాళ్లు అడిగితే వాళ్లకూ పెంచి ఇచ్చాడు. అదే వ్యాపారమైంది. నిజానికి ఇంగ్లండులో 1920ల నుంచే తెల్లదోమ మీదికి ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగను వదిలేవాళ్లు. డీడీటీ రాగానే దాన్ని పక్కన పెట్టేశారు. కొప్పర్ట్ కాలానికి రసాయనాల సత్తా సడలడం మొదలైంది.

వేటనల్లికి కళ్లు లేవు. మరి ఎరను ఎలా పసిగడుతుంది? 1980ల్లో నెదర్లాండ్స్‌లో సబెలిస్, డికె అనే పరిశోధకులు దీన్ని తేల్చారు. ఎర్రనల్లి కొరికిన చిక్కుడు మొక్క ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. వాటిలో మిథైల్ శాలిసిలేట్ ఒకటి. మన నొప్పుల బామ్‌లో ఘాటుగా తగిలేది అదే. ఆ వాసన పట్టుకునే వేటనల్లి మొక్కను చేరుతుంది. అంటే దెబ్బతిన్న మొక్క తన శత్రువుకు శత్రువును రప్పించుకుంటోంది. ఈ పరిశోధన గురించి చదివాక కీరదోస తీగను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

అన్ని వేటనల్లులూ ఒకలా బతకవు. పెర్సిమిలిస్‌కు ఎర్రనల్లి జాతి తప్ప వేరే తిండి లేదు, ఎర అయిపోతే ఆకలితో చస్తుంది. ఆంబ్లీసియస్ స్విర్‌స్కీ అనే మరో వేటనల్లి అలా కాదు. తెల్లదోమ గుడ్లు, తామర పురుగు పిల్లలు, పుప్పొడి, ఏది దొరికినా తింటుంది. 2005లో అది అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాది స్పెయిన్ క్యాప్సికంలో నిషేధిత పురుగుమందు అవశేషాలు జర్మనీలో బయటపడ్డాయి. కొనుగోళ్లు ఆగుతాయన్న భయంతో అల్మేరియా రైతులు ఒకటి రెండేళ్లలోనే వేల హెక్టార్లలో నల్లులవైపు మళ్లారు. తవుడు, దానిలో పెరిగే వేరే రకం నల్లి, దాన్ని తినే స్విర్‌స్కీ, మూడూ కలిపి చిన్న కాగితపు సంచుల్లో పెట్టి మొక్కలకు తగిలిస్తే, వారాల తరబడి వేటనల్లులు బయటికి వస్తూనే ఉంటాయి.

ఇక మన సంగతి. నారాయణఖేడ్ చలికాలం పెర్సిమిలిస్‌కూ నచ్చేదే. ఇదే జిల్లాలోని కోహిర్, న్యాల్‌కల్ తెలంగాణలో బాగా చల్లబడే ఊళ్లు. చిక్కంతా వేసవితోనే. ఏప్రిల్, మేలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ కప్పు కింద ఇంకా ఎక్కువ. తేమ 60 శాతం కంటే బాగా తగ్గితే పెర్సిమిలిస్ గుడ్లు ఎండిపోతాయి. పైగా పరాయి దేశపు జీవిని తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ అనుమతి కావాలి. అందుకే నా నమ్మకం మన ఆసియా జాతి నియోసీయులస్ లాంగిస్పినోసస్ మీద. 1952లోనే శాస్త్రానికి తెలిసిన ఈ నల్లి మన వెచ్చదనంలో పుట్టిపెరిగినదే. బెంగళూరు శాస్త్రవేత్తలు దీన్ని పాలీహౌస్ గులాబీల మీద పరీక్షించారు.

తెలంగాణ ప్రభుత్వం పాలీహౌస్‌కు 75 శాతం రాయితీ ఇచ్చింది. కప్పుకు చూపిన ఆ శ్రద్ధ కప్పు కింది జీవికీ దక్కాలి. చదరపు మీటరుకు పది చొప్పున లెక్కేసినా ఎకరానికి దాదాపు 40 వేల వేటనల్లులు కావాలి. పైగా అవి బతికి ఉన్న సరుకు, సీసాలో కొద్దిరోజులకు మించి నిలవవు. దూరం నుంచి తెప్పిస్తే దారిలోనే సగం పోతాయి. దగ్గర్లోనే పెంచాలి.

పెంచడం అసాధ్యమేం కాదు. ఒక గదిలో శుభ్రమైన చిక్కుడు మొక్కలు, రెండో గదిలో వాటి మీద ఎర్రనల్లి, మూడో గదిలో వేటనల్లి. కాపలా మాత్రం గట్టిగా ఉండాలి. రెండో గదిలోకి వేటనల్లి ఒక్కటి దూరినా కొన్ని వారాల్లో మేతంతా ఖాళీ. అందుకే పనివాళ్లు పొద్దున శుభ్రమైన మొక్కల గదితో మొదలుపెట్టి, తర్వాత ఎర్రనల్లి గదికి వెళ్లి, వేటనల్లి గదిని చివరికి ఉంచుకుంటారు. అక్కడినుంచి ఆ రోజు మళ్లీ వెనక్కి రారు.